చెంచా వీపున ఉన్న రహస్యం

పిల్లలూ! ఫ్రాన్సు దేశంలో పాతవస్తువులు అమ్మే సంతలు ఉన్నాయి. అక్కడ పాత చెంచాలూ, ఫోర్కులూ కుప్పగా పోసి అమ్ముతారు. అన్నీ వెండిలాగే మెరుస్తాయి. కాని వాటిలో కొన్ని మాత్రమే అసలు వెండివి. మిగిలినవి వెండిపూత పూసినవి. పూత చెంచాను వెండి ధరకు కొన్నవాడి డబ్బు దండగ. వెండి చెంచాను పూతదనుకుని చవకగా అమ్ముకున్నవాడికీ నష్టమే. మరి తేడా కనుక్కోవటం ఎలా?

చెంచాను బోర్లించి, కాడ వెనకభాగాన్ని భూతద్దంతో చూడాలి. అక్కడ గోరుకన్న చిన్నవి ముద్రలుంటాయి. ముందుగా చూడవలసింది ముద్ర ఆకారం. వెండిపని చేసేవాడి ముద్ర పేకముక్కల్లోని డైమండు గుర్తులాగా ఉండాలని 1797లో ఫ్రాన్సులో చట్టం చేశారు. వెండిపూత వేసేవాళ్ళ ముద్ర నలుచదరంగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధం నుంచి తయారైన పూతవస్తువుల మీద ఈ చదరపు ముద్రే కనిపిస్తుంది.

వెండి వస్తువు మీద ఇంకో ముద్ర కూడా ఉంటుంది. 1838 నుంచి ప్రభుత్వంవారు వెండిని పరీక్షించి, శిరస్త్రాణం పెట్టుకున్న మినర్వా దేవత తల ముద్ర వేస్తున్నారు. పాత వస్తువుల మీద తల పక్కన 1 అంకె ఉంటే వెయ్యి పాళ్ళలో 950 పాళ్ళు వెండి అన్నమాట. 2 ఉంటే 800 పాళ్ళు. పూతవస్తువు మీద మినర్వా ఎన్నడూ ఉండదు.

ఇంతకీ పూత ఎలా వేస్తారు? రాగి, తుత్తునాగం, నికెల్ కలిపిన తెల్లని లోహంతో చెంచా చేస్తారు. వెండి లవణం కరిగించిన తొట్టిలో ఒకవైపు వెండిరేకునూ, ఇంకోవైపు చెంచానూ వేలాడదీసి విద్యుత్తు పంపుతారు. రేకులోని వెండి కొద్దికొద్దిగా కరుగుతుంది. ద్రవంలోని వెండి చెంచాకు పట్టుకుంటుంది. ఈ పద్ధతి హక్కులను 1842లో చార్లెస్ క్రిస్తోఫ్ల్ అనే పారిస్ నగల వర్తకుడు కొన్నాడు. అతని పాత ముద్రలో ఒక తక్కెడా, రెండు సి అక్షరాలూ ఉంటాయి. మూడో నెపోలియన్ చక్రవర్తి కూడా తన విందుబల్లకు వెండిపూత సామాను అతనిచేతనే చేయించాడు!

చాలా ఫ్రెంచి పూత చెంచాల మీద 84 అనే అంకె కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. "నూటికి 84 పాళ్ళు వెండి!" అని సంబరపడతారు. నిజానికి డజను చెంచాలకూ, డజను ఫోర్కులకూ కలిపి పూసిన వెండి 84 గ్రాములు అని దాని అర్థం. ఇరవైనాలుగు వస్తువులకు పంచితే ఒక్కొక్కదానికి వచ్చేది మూడున్నర గ్రాములే.

తమాషా ఏమిటంటే, పాత రష్యా వెండి మీద కూడా 84 ఉంటుంది. కాని అక్కడ లెక్క వేరు: 96 పాళ్ళలో 84 పాళ్ళు వెండి. అది అసలైన వెండే! అంకె ఒకటే, అర్థాలు రెండు. కనుక అంకెను ఒంటరిగా నమ్మరాదు. పక్కన ఉన్న ముద్రను కూడా చూడాలి.

మరొక్క మాట. పూత పలచన. రోజూ బల్లకు రాసుకునే చెంచా గుంట అడుగున అది ముందుగా అరిగి, లోపలి లోహం పచ్చగా బయటపడుతుంది. అందుచేత ఇలాంటి వస్తువులను ఇసుకతోనో, ఇటుకపొడితోనో తోమరాదు. తోమితే పూతతోపాటు ముద్ర కూడా పోతుంది. ముద్ర పోతే చెంచా తన పుట్టుక చెప్పుకోలేదు.

ఇక మీకొక ప్రశ్న. వర్తకుడొకడు మీకు ఫ్రెంచి చెంచా చూపించాడు. దానిమీద నలుచదరపు ముద్ర, 84 అంకె ఉన్నాయి; మినర్వా లేదు. "మేలైన వెండి, బాబూ!" అంటున్నాడు. మీరేమంటారు?