శబరి ఎంగిలి, మా అవ్వ ఎంగిలి



ప్రతి ఆదివారం టిఫిన్లు అయ్యాక భోజనాల హాల్లో హిందీ సార్ పాత రామాయణం సీరియల్ వేస్తున్న సంగతి మీ అందరికీ తెలుసు. హిందీ వినడం అలవాటవుతుందని సార్ ఉద్దేశం. పోయిన వారానికి శబరి కథ దాకా వచ్చాం. చూసినవాళ్లు తలా ఒక మాట అంటున్నారు. నాకు అనిపించింది నేను రాస్తున్నాను. తప్పయితే ఈ కాగితం కిందనే రాయండి, దిద్దుకుంటాను.

రామానంద్ సాగర్ తీసిన ఈ సీరియల్ 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 వరకు దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున పూట వచ్చేది. మా నాన్న చిన్నప్పుడు పక్క ఊరికి నడిచిపోయి, పంచాయతీ టీవీ ముందు నేల మీద కూర్చొని చూశాడట. హిందీ ఒక్క ముక్క రాదు, అయినా అంతా అర్థమయ్యేదట. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మార్చి 28 నుంచి మళ్లీ వేశారు. అప్పుడు మనల్ని ఇళ్లకు పంపేశారు గాని మా గూడెంలో టీవీ లేదు. కాబట్టి నేను చూడటం ఇదే మొదలు.

నచ్చినవి ముందు చెప్తాను. రాముడి వేషం వేసిన అరుణ్ గోవిల్ కోపం వచ్చినా నెమ్మదిగానే మాట్లాడతాడు, అది నాకు బాగా నచ్చింది. గుహుడు నిషాదుల రాజు, మనలాంటి వాళ్లకు పెద్ద. రాముడు ఆయన్ని స్నేహితుడా అని కౌగిలించుకున్నప్పుడు హాలంతా చప్పట్లు కొట్టాం. బాణాలు రెండూ ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటుంటే మాత్రం నవ్వు ఆగలేదు. ఒకరు ఒక మాట అంటే చాలు, అక్కడున్న అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూపిస్తారు. ఈలోగా మనం గ్లాసు కడుక్కొని రావచ్చు.

ఇక నచ్చనిది. రాముణ్ణి అడవికి పంపుతున్నారని తెలిసి అయోధ్య అంతా ఏడుస్తుంది. నా పక్కన కూర్చున్న అమ్మాయి, "అడవికి పంపితే ఇంత ఏడవాలా? సెలవులిస్తే మనం ఉరికేది అక్కడికే కదా" అంది. నిజమే అనిపించింది. ఆ సీరియల్‌ను గుజరాత్‌లోని ఉమర్‌గావ్‌లో సెట్టింగులు వేసి తీశారని సార్ చెప్పారు. అందుకేనేమో ఆ అడవిలో ఎవరి కాలికీ ముల్లు గుచ్చుకోదు. మునులుంటారు, రాక్షసులుంటారు. అడ్డాకులు కుట్టేవాళ్లు, ఇప్పపువ్వు ఏరేవాళ్లు, పోడు కొట్టేవాళ్లు ఒక్కరూ కనిపించరు. పైగా తాటక వచ్చిన వారం నుంచి ఆరో తరగతిలో ఒక పాపను ఆ పేరు పెట్టి పిలుస్తున్నారు. పిలిచేవాళ్లూ ఆ పాప రంగు వాళ్లే. దయచేసి అది మానండి.

అసలు నేను రాయాలనుకున్నది శబరి గురించి.

సంక్రాంతి సెలవుల తర్వాత మా అవ్వ నన్ను చూడటానికి వచ్చింది. ఆటో ఎక్కి, బస్సు మారి, మధ్యాహ్నానికి చేరింది. కొంగున రేగుపండ్లు మూట కట్టుకొచ్చింది. ఈ హాల్లోనే బెంచీ మీద కూర్చొని ఒక్కో పండూ కొసన కొరికి, బాగుంటేనే నా చేతిలో పెట్టింది. అటు వెనక నుంచి ఎవరో "ఛీ, ఎంగిలి" అన్నారు. నలుగురు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అవ్వా, అందరి ముందూ అట్లా ఇయ్యకు" అన్నాను. అవ్వ "సరేలే బిడ్డా" అని మిగిలిన పండ్లు నా పెట్టెలో పోసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

పోయిన ఆదివారం టీవీలో శబరి కూడా అట్లాగే కొరికి చూసి ఇచ్చింది. రాముడు తిన్నాడు. ఆ రోజు నవ్విన వాళ్లే చేతులు జోడించారు. నేనూ జోడించాను. ఆ తర్వాత అన్నం సయించలేదు. టీవీలో ముసలమ్మ కొరికితే భక్తి, మా అవ్వ కొరికితే ఎంగిలి ఎట్లా అయింది?

తెలుగు సార్‌ను అడిగితే ఒక సంగతి చెప్పారు. వాల్మీకి రామాయణంలో శబరి పంపా తీరంలో దొరికేవన్నీ రాముడి కోసం కూడబెట్టి పెట్టిందనే ఉందట, కొరికినట్టు లేదట. అది తర్వాత జనం చెప్పుకున్న కథల్లోంచి వచ్చిందట. అలా చెప్పుకున్న వాళ్లలో అడవి తెలిసిన వాళ్లు ఉండి ఉంటారని నా ఊహ. ఎందుకంటే ఒకే చెట్టు రేగుపండ్లలో ఒకటి తీపి, ఒకటి వగరు, ఒకదాంట్లో పురుగు. పైకి చూస్తే తెలియదు. దుంపల సంగతి మరీ కష్టం. చేదు దుంపల్ని మా అవ్వ ముక్కలు కోసి, బుట్టలో వేసి పారే వాగులో పెడుతుంది. చేదు దిగిందా లేదా అని మొదట తన నాలుక మీదే పెట్టుకొని చూసుకుంటుంది. ఆ తర్వాతే పిల్లలకు. అవ్వ ముందు కొరికేది మాకు ఏమీ కాకూడదనే. మనం సైన్సు ల్యాబులో చేసే పరీక్ష లాంటిదే అది.

కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నది పేరు శబరి. ఆ నీళ్లు తాగేవాళ్లం శబరికి దండం పెట్టి అవ్వను చూసి సిగ్గుపడటం బాగాలేదు.

హిందీ సార్‌కు నా మనవి, సీరియల్ ఆపవద్దు. చిన్న తరగతుల వాళ్లు దారా సింగ్ హనుమంతుడి కోసం ఎదురు చూస్తున్నారు. మీకందరికీ ఇంకో మనవి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పండు గాని, ఒక దుంప గాని మీ భాషలో పేరు అడిగి, ఎట్లా తినాలో రాసుకు రండి. కోయ అయినా, కొండరెడ్డి అయినా ఫర్వాలేదు. వచ్చే సంచికలో ఒక పేజీ దానికే వదులుదాం.

రేగుపండ్ల కాలం అయిపోతోంది. వచ్చే నెల అవ్వ ఏం తెస్తుందో తెలియదు. ఏది తెచ్చినా ఈ హాల్లోనే, అదే బెంచీ మీద కూర్చొని, ఆమె కొరికి ఇచ్చిందే తింటాను.

— తొమ్మిదో తరగతి, 'బి' సెక్షన్