నీలి గసగసాల పువ్వు

గసగసాలు ఎరుగని వంటిల్లు మన దేశంలో అరుదు. ఆ మొక్కకు హిమాలయాలలో ఒక దూరపు బంధువు ఉన్నది. దాని పువ్వు తెల్లనిదీ కాదు, ఎర్రనిదీ కాదు. వాన వెలిసిన తరువాత కనుపించే ఆకాశపు నీలం. శాస్త్రజ్ఞులు దీనిని ‘మెకనాప్సిస్’ అంటారు. గ్రీకు భాషలో ‘గసగసాల మొక్కను పోలినది’ అని అర్థం.

పుష్పజాతిలో అచ్చమైన నీలం బహు తక్కువ. విశేషమేమనగా, ఈ రేకులలోని వర్ణద్రవ్యం ఎర్ర గులాబీలో ఉండే దానికి దగ్గరి చుట్టమే. దానితో ఇనుము, మెగ్నీషియం కలియడం వలన నీలం సిద్ధిస్తున్నదని జపాను శాస్త్రజ్ఞులు 2006లో వెల్లడించారు.

1913లో బెయిలీ అనే బ్రిటిష్ సైనికాధికారి సాంగ్‌పో నది జాడ కోసం టిబెట్టులో సంచరిస్తూ, ఈ జాతి పువ్వునొకదానిని తన చేతిపుస్తకంలో అదిమి తెచ్చాడు. సాంగ్‌పో అంటే మన బ్రహ్మపుత్రయే. 1924లో కింగ్డన్-వార్డ్ అదే ప్రాంతంనుండి విత్తనాలు సేకరించాడు. 1926లో లండను ప్రదర్శనలో ఆ పువ్వును చూచి ఉద్యానప్రియులు ముగ్ధులైనారు.

ముగ్ధులగుట సులభం, పెంచుట కష్టం. చల్లని వేసవి, తడి గాలి, ఆమ్లగుణం గల నేల దీనికి కావాలి. అందుచేత స్కాట్లండులో చక్కగా పూస్తుంది, మన మైదానాలలో బ్రతకనే బ్రతకదు. అక్కడి అనుభవజ్ఞులు చెప్పే నియమం ఒకటి వింతగా తోస్తుంది: తొలిసారి వచ్చిన మొగ్గను తుంచివేయాలట! పూయనిస్తే మొక్క ఆ శ్రమతోనే నశించవచ్చును. తుంచితే వేరు బలిసి, ప్రక్కన పిలకలు వేసి, ఏటేటా పూస్తుంది. కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూచిన పువ్వును తన చేతులతోనే గిల్లివేయగలవానికే ఈ మొక్క దక్కుతుందన్నమాట.

కానీ ఈ కుటుంబంలో అన్నిటికీ ఆ అదృష్టం లేదు. ఉత్తరాఖండ్‌లోని పూలలోయలో కనుపించే ముళ్ళ నీలి గసగసాల మొక్క కొన్నేళ్ళు నేలనంటిన ఆకుల గుత్తిగానే ఉండి, ఒక్కసారి పూచి, విత్తనాలు రాల్చి చనిపోతుంది. ముచ్చటపడి యాత్రికుడు దానిని కోస్తే ఆ మొక్క వంశం అంతటితో సరి. తోటలోని మొగ్గను గిల్లడం వేరు, కొండమీది పువ్వును కోయడం వేరు. పని ఒకటే అయినా ఫలితం తలక్రిందులు.

ఈ లోయ 1982లో జాతీయోద్యానమైనది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరింది. జూలై, ఆగస్టు నెలలు దర్శనానికి అనువైనవి. లోయలో రాత్రి బసకు అనుమతి లేదు. ఘాంగరియానుండి ఉదయమే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావలసి ఉంటుంది.