ఎస్‌ఎస్‌డి ఎంతకాలం మన్నుతుంది?

నెమ్మదించిన పాత ల్యాప్‌టాప్‌కు తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే మరమ్మతు, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డి పెట్టడం. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దానిమీద చదివే హెడ్ సరైన చోటికి జరగాలి. ఒక్కో వెతుకులాటకు దాదాపు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే పని మిల్లీసెకనులో పదోవంతుకే ముగుస్తుంది. అయినా కొనేముందు చాలామంది వెనకాడతారు. రాసేకొద్దీ అరిగిపోతుందని ఒక భయం, చెప్పాపెట్టకుండా పోతుందని మరో భయం. మామూలు ఇంటి వాడకంలో మొదటి భయం దాదాపు అక్కర్లేదు. రెండోది నిజమైనది, దానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఎస్‌ఎస్‌డిలో సమాచారం నిలిచేది నాండ్ ఫ్లాష్ చిప్పుల్లో. జపాన్‌లో తోషిబా సంస్థ ఇంజనీరు ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీని 1984లోనూ, అందులో నాండ్ రకాన్ని 1987లోనూ లోకానికి వెల్లడించారు. చిప్పులోని ఒక్కో సెల్ విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతుంది. దాన్ని బయటికి పోనివ్వకుండా సన్నని ఆక్సైడ్ పొర అడ్డుగా ఉంటుంది. రాయాలన్నా చెరపాలన్నా ఎక్కువ వోల్టేజీ పెట్టి ఎలక్ట్రాన్లను ఆ పొర గుండా తోయాలి. ప్రతిసారీ పొర కాస్త దెబ్బతింటుంది, చివరికి ఆవేశాన్ని నిలుపుకోలేని స్థితికి వస్తుంది. అరుగుదల అంటే ఇదే. పైగా రాయడం పేజీల లెక్కన జరిగితే, చెరపడం వందలాది పేజీలున్న బ్లాకు మొత్తానికి ఒకేసారి జరుగుతుంది. అందుకే చిన్న ఫైలు మార్చినా లోపల అంతకన్నా ఎక్కువ రాత పడుతుంది. ఈ భారమంతా ఒకే చోట పడకుండా కంట్రోలర్ అనే చిప్పు అన్ని బ్లాకులకూ వంతులవారీగా పంచుతుంది. కంప్యూటర్ ఎక్కడ రాయమన్నా, కంట్రోలర్ తనకు వీలైన చోట రాసి, ఏది ఎక్కడుందో ఒక పట్టికలో నమోదు చేసుకుంటుంది. ఎస్‌ఎస్‌డి నమ్మకం గురించిన చర్చలో అందరూ సెల్స్ గురించే మాట్లాడతారు గానీ, ఈ పట్టికే కీలకం.

ఒక్కో సెల్‌లో ఒక బిట్ ఉంచితే ఎస్‌ఎల్‌సీ, రెండైతే ఎమ్‌ఎల్‌సీ, మూడైతే టీఎల్‌సీ, నాలుగైతే క్యూఎల్‌సీ. ఒక బిట్‌కు 2 వోల్టేజీ స్థాయిలు చాలు. నాలుగు బిట్లకు 16 స్థాయిలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా నిలవాలి. పొర కొంచెం బలహీనపడినా తేడా పోల్చుకోవడం కష్టమవుతుంది. అందుకే లక్షసార్ల దాకా చెరిపి రాయడాన్ని తట్టుకునే ఎస్‌ఎల్‌సీ స్థాయి నుంచి టీఎల్‌సీకి వచ్చేసరికి ఆ లెక్క వేలల్లోకి, క్యూఎల్‌సీలో సుమారు వెయ్యికీ అంతకన్నా తక్కువకీ దిగింది. ఈ అంకెలు చూసే జనం బెదురుతారు.

బెదిరేముందు ఒక లెక్క వేసుకోవాలి. ప్రతి డ్రైవ్‌కూ ఎన్ని టెరాబైట్లు రాసేదాకా వారంటీ వర్తిస్తుందో తయారీదారు ప్రకటిస్తాడు. దాన్నే టీబీడబ్ల్యూ అంటారు. శామ్‌సంగ్ 870 ఈవో 1 టీబీ డ్రైవ్‌కు ఇది 600, క్యూఎల్‌సీ రకమైన 870 క్యూవో 1 టీబీకి 360. రోజుకు 30 జీబీ రాస్తారనుకుందాం. ఉత్తరాలు, బ్రౌజింగ్, ఆఫీసు ఫైళ్ల వాడకానికి ఇది ఉదారమైన అంచనాయే. ఆ లెక్కన 600 టీబీ పూర్తికావడానికి 20,000 రోజులు, అంటే 54 ఏళ్లు దాటుతుంది. 360 టీబీ కూడా 32 ఏళ్లకు పైగా వస్తుంది. అప్పటికి ఆ డ్రైవ్ పెట్టుకునే కంప్యూటరే ఉండదు. రోజూ వందల జీబీల వీడియో ఎడిటింగ్ చేసేవారు, సీసీ కెమెరాల రికార్డింగ్ ఆగకుండా నడిపేవారు మాత్రం ఈ అంకెను చూసే కొనాలి.

ప్రకటించిన పరిమితి దాటగానే డ్రైవ్ ఆగిపోతుందనుకోవడమూ సరికాదు. టెక్ రిపోర్ట్ అనే అమెరికన్ వెబ్‌సైట్ 2013లో ఆరు ఎస్‌ఎస్‌డిల మీద రాత్రింబవళ్లు ఆగకుండా రాయిస్తూ పరీక్ష మొదలుపెట్టింది. అన్నీ 700 టీబీ దాటాయి. చివరిదాకా నిలిచిన శామ్‌సంగ్ 840 ప్రో 2015లో ఆగిపోయేసరికి దాని మీద 2,000 టీబీకి పైగా రాత పడింది. ఆరు డ్రైవ్‌లతో అన్నీ తేలిపోవు. అంతకన్నా విలువైనది, గూగుల్ డేటా సెంటర్లలోని డ్రైవ్‌లను ఆరేళ్లపాటు గమనించి టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యురాలు బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజనీర్లు 2016లో ప్రచురించిన అధ్యయనం. ఎంత రాశారన్న దానితో నిమిత్తం లేకుండా, ఎన్నేళ్లు వాడారన్నదానికీ లోపాలతో సంబంధం ఉందని అందులో తేలింది. ఖరీదైన ఎస్‌ఎల్‌సీ డ్రైవ్‌లు ఎమ్‌ఎల్‌సీ కన్నా నమ్మకంగా ఏమీ నిలవలేదు. నాలుగేళ్లలో మార్చాల్సి వచ్చిన డ్రైవ్‌లు 4 నుంచి 10 శాతమే, హార్డ్ డిస్కులతో పోలిస్తే తక్కువే. కానీ అదే కాలంలో 20 నుంచి 63 శాతం డ్రైవ్‌లలో, రకాన్ని బట్టి, సరిదిద్దలేని తప్పు కనీసం ఒక్కటైనా కనిపించింది. డ్రైవ్ బాగానే నడుస్తున్నా లోపల ఏదో ఒక ఫైలు చెడిపోయి ఉండవచ్చన్నమాట. కొత్త డ్రైవ్ కొన్నాం కదా, ఇక కాపీలెందుకని నిశ్చింతగా ఉండేవారు ఆలోచించవలసిన అంకె ఇది.

సెల్స్ అరగకపోతే ఎస్‌ఎస్‌డి ఎందుకు పోతుంది? చాలాసార్లు తప్పు కంట్రోలర్‌ను నడిపించే ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది. 2011లో ఇంటెల్ 320 రకం డ్రైవ్‌లు కొన్ని, కరెంటు హఠాత్తుగా పోయి వచ్చాక తమ సామర్థ్యం 8 ఎమ్‌బీ మాత్రమేనని చూపించాయి. ఫర్మ్‌వేర్ మార్చి విడుదల చేశాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు. క్రూషియల్ ఎమ్4 డ్రైవ్‌లు సరిగ్గా 5,184 గంటలు పనిచేశాక కంప్యూటర్‌ను బిగుసుకుపోయేలా చేసేవి. మళ్లీ ఆన్ చేస్తే గంటకోసారి అదే తంతు. 2012 జనవరిలో సవరణ వచ్చింది. అన్నిటికన్నా భయంకరమైన ఉదంతం 2019 నవంబరులో బయటపడింది. హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డిలు 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు నడిచాక శాశ్వతంగా ఆగిపోతాయని, డ్రైవ్ గానీ డేటా గానీ తిరిగి రావని ఆ సంస్థే హెచ్చరించింది. ఒకే రోజు బిగించిన డ్రైవ్‌లన్నీ దాదాపు ఒకే వేళకు పోతాయి కాబట్టి, ఒకటి పోతే మరొకటి ఆదుకుంటుందనే ధీమాతో రెండు డ్రైవ్‌లలో జంటగా డేటా ఉంచుకున్నవారికీ రక్షణ లేదు. ఈ మూడు ఉదంతాల్లోనూ సెల్స్ ఆరోగ్యంగానే ఉన్నాయి.

కరెంటు రెండో శత్రువు. కంట్రోలర్ తన పట్టికను మారుస్తున్న క్షణంలో సరఫరా తెగితే పట్టిక అరకొరగా మిగలవచ్చు. సర్వర్లకు చేసే ఖరీదైన డ్రైవ్‌లలో ఆ క్షణాన్ని గట్టెక్కించడానికి కెపాసిటర్లు పెడతారు. ఇంట్లో వాడే రకాల్లో సాధారణంగా అవి ఉండవు. ల్యాప్‌టాప్‌లో పనిచేసే బ్యాటరీ ఉంటే అదే రక్ష. ఈదురుగాలి వస్తే చాలు కరెంటు పోయే ఊళ్లలో డెస్క్‌టాప్ వాడేవారికి యూపీఎస్ తప్పనిసరి.

పోయే తీరులో కూడా తేడా ఉంది. హార్డ్ డిస్క్ చాలాసార్లు టిక్కుటిక్కుమంటూ, నెమ్మదిస్తూ కొంత వ్యవధి ఇస్తుంది. ఎస్‌ఎస్‌డి నిన్న రాత్రి బాగుండి ఇవాళ పొద్దున బయోస్‌లో పేరైనా కనిపించకపోవచ్చు. పట్టిక చెదిరితే చిప్పుల్లో ఉన్నది ఏ ఫైలు తాలూకు ముక్కో చెప్పడం అసాధ్యానికి దగ్గర. పొరపాటున తుడిచేసిన ఫైళ్ల సంగతీ అంతే. ట్రిమ్ అనే ఆదేశంతో ఆపరేటింగ్ సిస్టమ్ ఆ చోటు ఇక అక్కర్లేదని డ్రైవ్‌కు చెప్పేస్తుంది, డ్రైవ్ దాన్ని ఖాళీ చేసేస్తుంది.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది కంప్యూటర్‌లో ఏది పడుతుందన్నది. పాత ల్యాప్‌టాప్‌లకు రెండున్నర అంగుళాల సాటా రకం సరిపోతుంది. వేగం సెకనుకు 550 ఎమ్‌బీ దగ్గర ఆగినా పాత హార్డ్ డిస్క్ ముందు అది చాలా ఎక్కువ. ఎమ్.2 స్లాట్ ఉంటే అది సాటానా, ఎన్‌వీఎమ్‌ఈనా అని మోడల్ నంబరుతో సరిచూసుకోవాలి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని చోట మరొకటి పనిచేయకపోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా బిల్లు, సీరియల్ నంబరుతో తయారీదారు సైట్‌లో వారంటీ సరిచూడాలి. నమ్మలేనంత చవగ్గా దొరికే 2 టీబీ డ్రైవ్ లోపల కొద్ది జీబీలే ఉండి, ఎక్కువ ఉన్నట్టు అబద్ధం చెప్పేలా ఫర్మ్‌వేర్ మార్చినదై ఉండవచ్చు. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాములు డ్రైవ్ నిండా రాసి చదివి ఆ మోసాన్ని పట్టిస్తాయి.

మార్పిడి రోజున జరిగే నష్టాలు ఎక్కువగా తొందరపాటువే. ముందుగా ముఖ్యమైన ఫైళ్లన్నీ మూడో చోటికి కాపీ చేయాలి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ పనిచేస్తుంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. ఎమ్.2 కార్డును స్లాట్‌లోకి ఏటవాలుగా దూర్చి, బంగారు రంగు పళ్లు పూర్తిగా లోపలికి పోయాక, పైకి లేచి ఉన్న కొసను నెమ్మదిగా నొక్కి చిన్న స్క్రూ బిగించాలి. బ్యాటరీ తీగ విప్పకుండా ఈ పని చేయకూడదు. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ (క్లోన్) చేసేటప్పుడు ఏది పాతది, ఏది కొత్తది అన్నది రెండుసార్లు చూసుకోవాలి; తారుమారైతే ఖాళీ డిస్క్ నిండు డిస్క్ మీదికి ఎక్కుతుంది. కొత్త డ్రైవ్ నెలరోజులు సాఫీగా నడిచేదాకా పాతదాన్ని చెరపకూడదు.

ఆ తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ప్రోగ్రాముతో అప్పుడప్పుడు డ్రైవ్ ఆరోగ్యం చూడవచ్చు. ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్‌లో 'పర్సెంటేజ్ యూజ్డ్' అరుగుదలను చెబుతుంది, ఏటా ఒకటి రెండు అంకెలు పెరగడం మామూలే. 'మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్' సున్నా దాటి పెరుగుతూ ఉంటే డ్రైవ్ మార్చే సమయం వచ్చినట్టు. ఆరోగ్యం 100 శాతం అని చూపినంత మాత్రాన ఫర్మ్‌వేర్ లోపం ముందే తెలియదు, కాబట్టి తయారీదారు విడుదల చేసే సవరణలను, ముందు బ్యాకప్ తీసుకుని, వేసుకోవాలి. పదో పదిహేనో శాతం చోటు ఖాళీగా ఉంచితే కంట్రోలర్‌కు పంపకం సులువవుతుంది.

బ్యాకప్‌కు మరో ఎస్‌ఎస్‌డి కొని బీరువాలో పెట్టడం మంచి పద్ధతి కాదు. కరెంటు లేకుండా ఉన్న సెల్‌లోంచి ఆవేశం మెల్లగా జారిపోతుంది, వేడి పెరిగేకొద్దీ త్వరగా జారుతుంది. చిప్పుల పరిశ్రమ పాటించే జెడెక్ ప్రమాణం ప్రకారం ఇంటి వాడకపు డ్రైవ్, తన రాత పరిమితి పూర్తయ్యాక, 30 డిగ్రీల వద్ద ఏడాదిపాటు డేటాను నిలపాలి. కొత్త డ్రైవ్ అంతకన్నా చాలా ఎక్కువకాలమే నిలుపుతుంది గానీ, మన ఎండాకాలంలో గదులు 30 డిగ్రీల దగ్గర ఆగవు. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు లాంటివాటికి, కంప్యూటర్ నుంచి తీసిన పాత హార్డ్ డిస్క్ బాగుంటే, యూఎస్‌బీ కేసులో బిగించుకుంటే సరిపోతుంది. వారానికోసారి తగిలించి కాపీ చేసి, వెంటనే తీసేయాలి. మరో కాపీ క్లౌడ్‌లోనో వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లోనో ఉండాలి. పాత డిస్క్‌ను ఎవరికైనా ఇచ్చేస్తుంటే ఉత్త క్విక్ ఫార్మాట్ చాలదు. హార్డ్ డిస్క్ అయితే దాని నిండా ఒకసారి కొత్త డేటా రాయించాలి, ఎస్‌ఎస్‌డి అయితే తయారీదారు ప్రోగ్రాములోని సెక్యూర్ ఎరేజ్ వాడాలి.