చెవిలో పాట తెగిపోతే...

పోయిన నెల ఓ మ్యూజికల్ నైట్‌కి వెళ్ళాను. హాలు కిటకిట. ఈలలు, కేకలు, ఒకటే సందడి! ఈమధ్యనే సినిమాల్లో పాడుతున్న ఓ అమ్మాయి పల్లవి హాయిగా ఎత్తుకుంది. రెండో చరణం కొచ్చేసరికి శ్రుతి జారింది, తాళం తప్పింది. చెవిలోది పీకేసి బిక్కమొహంతో బ్యాండు వంక చూసింది. వెనక వరసలో కుర్రాళ్ళ గోల. నేను మాత్రం తక్కువ తిన్నానా? "రికార్డింగు థియేటర్లో కోయిల, వేదికెక్కితే కాకి" అని నోట్‌బుక్కులో గిలికేశాను, ఈ పేజీకి పనికొస్తుందని!

అది అచ్చులోకి రాకపోవడం సౌండ్ ఇంజనీరు చలవే. విరామంలో స్టేజి వెనక్కి వెళ్తే ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. "తప్పు ఆ పిల్లది కాదండీ, మా డబ్బాలది" అన్నాడు.

వెనకటి రోజుల్లో గాయకుల కాళ్ళ ముందు స్పీకరు పెట్టేవారు. ఇప్పుడు నడుముకి రిసీవరు, చెవిలో బుల్లి స్పీకరు. తన గొంతూ, తాళమూ అందులోనే వినాలి. ఒక్కో సెట్టుకీ ఒక ట్రాన్స్‌మిటర్. ఆ రాత్రి నాలుగు ట్రాన్స్‌మిటర్లు, వాటి నాలుగు యాంటెన్నాలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. తంటా అక్కడే! ఒకదాని తరంగం పక్కదాని యాంటెన్నా గుండా లోపలికి దూరి, అక్కడ కలగలిసి, ఎవరూ పంపని కొత్త సిగ్నళ్ళు పుడతాయి. 500, 501 మెగాహెర్ట్జ్ మీద రెండు సెట్లుంటే 499 దగ్గర ఒకటి, 502 దగ్గర ఒకటి దొంగ సిగ్నల్ తయారు! మన అమ్మాయిది సరిగ్గా 502. 500 మీదున్నది బ్యాండు లీడరుది. రెండో చరణం నడుస్తుండగా, తర్వాతి పాటగాడి 501 సెట్టు ఎవరో ఆన్ చేశారు. ఇంకేముంది... ఆమె చెవిలో గరగర.

దీనికి మందు కంబైనర్ అనే పెట్టె. నాలుగు ట్రాన్స్‌మిటర్ల తీగలూ అందులోకి వెళ్ళి, ఒకదాని జోలికి ఒకటి పోకుండా కలిసి, ఒకే యాంటెన్నాకి చేరతాయి. ఉత్తినే కలిపితే ఒక్కోదాని శక్తిలో పావు వంతే మిగులుతుంది. అందుకే మంచి కంబైనర్లలో ఆ నష్టం పూడ్చే యాంప్లిఫయరు ఉంటుంది. యాంటెన్నా కూడా స్ప్రింగులా చుట్టిన రకమైతే మేలట. డ్యాన్సు చేస్తూ గాయని ఎటు వంగినా సిగ్నల్ అందుతుంది.

అన్నట్టు, మైకుల యాంటెన్నా పెట్టె దీనికి పనికిరాదు. అది ఒక యాంటెన్నాలో పడ్డదాన్ని పదిమందికి పంచేది, ఇది నలుగురివి ఒకచోటికి చేర్చేది. అద్దె మిగులుతుందని ఆ రాత్రి నిర్వాహకుడు కంబైనరే వద్దన్నాడట!

విరామంలోనే ఇంజనీరు లెక్కలేసి, సెట్ల ఫ్రీక్వెన్సీలు సమాన దూరంలో లేకుండా మార్చాడు. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి అదే పాట పాడింది. గోల చేసిన కుర్రాళ్ళే వన్స్‌మోర్ కొట్టారు. నోట్‌బుక్కులో ఆ కాగితం చింపేసి, కంబైనరు అద్దె ఎంతో కనుక్కుందామని నిర్వాహకుడి కోసం వెతికాను. ఆయన అప్పటికే కారెక్కేశాడు!