ఎముకల లెక్కలో మన వాటా ఎంత?

“వదినా, నలభై అయినా రాలేదు, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి!” అంది మొన్న పక్కింటావిడ. “పాలు తాగుతున్నావా?” అంటే నవ్వేసింది. పిల్లలకు చెరో గ్లాసు, ఆయనకు కాఫీ, మామగారికి పెరుగు... తనకు దక్కేది టీలో పడే చుక్క! మన ఇళ్లన్నిటిలోనూ ఇదే లెక్క కదూ?

ఆ లెక్క మార్చుకోక తప్పదిప్పుడు. మా బోయిగూడకు దగ్గర్లోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. స్త్రీకి రోజుకు 600 మిల్లీగ్రాముల కాల్షియం చాలని 2010లో చెప్పిన ఆ సంస్థే, 2020లో దాన్ని 1000కి పెంచింది. పాలిచ్చే తల్లులకు, నెలసరి ఆగిపోయిన వాళ్లకు 1200.

వెయ్యి అంటే బెదిరిపోనక్కర్లేదు. గ్లాసుడు పాలు, కప్పు పెరుగు కలిపితే 400. 50 గ్రాముల రాగిపిండితో జావో, సంకటో చేసుకుంటే 180. పెద్ద చెంచాడు నువ్వులపొడితో మరో 100. గుప్పెడు మునగాకో, తోటకూరో పప్పులో వేస్తే మిగతాదాంట్లో కొంత భర్తీ అవుతుంది. పాలకూరను మాత్రం ఈ లెక్కలో నమ్ముకోకండి. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.

ఇంత తిన్నా, విటమిన్ ‘డి’ లేనిదే కాల్షియం సరిగా ఒంటబట్టదు. అది ఎండ పెట్టే భిక్ష. మనకు ఎండకేం కొదవ అంటారా? తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఆరోగ్యంగా తిరుగుతున్న వాళ్లలోనూ ఈ లోపం బయటపడింది. పల్లెల్లోకన్నా పట్నంలో ఎక్కువ!

మన అమ్మలు డాబా మీద వడియాలు పెడుతూ ఎండలో ఉండేవారు. మనకేమో మేడ మీద గదికి తాళం, నల్లబడతామన్న భయం. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. బడి పిల్లల ప్రార్థనను ఉదయం 11 నుంచి ఒంటిగంట మధ్యకు మార్చమని 2018లో ‘ప్రాజెక్ట్ ధూప్’ పేరిట ఆహార భద్రతా సంస్థ ప్రచారం చేసింది. బాగుంది. మరి ఇల్లాలికి ఎవరు గంట కొడతారు?

మనమే కొట్టుకోవాలి. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్న వేళ, చేతులకు ఎండ తగిలేలా కాసేపు నిలబడదాం. మండువేసవిలో కొద్ది నిమిషాలే సుమా! నొప్పులు తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి గానీ, ఎవరో చెప్పారని ‘డి’ మాత్రలు మింగకూడదు. ఎక్కువైనా ముప్పే.

రేపు పాలు కాచగానే మొదటి గ్లాసు ఎవరికి? ఒక్కరోజైనా మనకే పోసుకుని చూద్దాం.