పురుగును ఆపే గింజ ఎవరిది?

చేనుకు పురుగు పడితే ఆసామి మందు కొంటాడు. మందు డబ్బా వీపున మోసేది మాత్రం మాలమాదిగ కూలోళ్ళే. మూతికి గుడ్డ లేక, కాళ్ళకు చెప్పుల్లేక కొట్టి, పొద్దుగూకేసరికి కళ్ళు తిరిగి పడ్డోళ్ళు మా వాడల్లో ఎందరో. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగును చంపలేని ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. అందుకే పురుగు సంగతి మా సంగతి అంటున్నాం.

మొక్క ఊరికే కూచోదు. టమాటా ఆకును పురుగు కొరికితే, కొరకని ఆకుల్లో కూడా గంటల్లోనే ఒక ప్రొటీను తయారవుతుందని 1972లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపించారు. అది పురుగు కడుపులోని అరుగుదల రసాన్ని పనిచేయనీయదు. తిన్నది ఒంటబట్టక పురుగు గిడసబారుతుంది. కంది, శనగ, బొబ్బర గింజల్లోనూ ఇలాంటి ప్రొటీన్లున్నాయి. మనం నానేసి ఉడకేసి గుగ్గిళ్ళు చేసుకుంటాం కాబట్టి వాటి బలం చాలావరకు పోతుంది. పురుగుకు పొయ్యి లేదు గదా!

బొబ్బర గింజలోని ఆ ప్రొటీను జన్యువును 1987లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు పొగాకులో పెట్టారు. పురుగుకు తట్టుకుందన్నారు. పేరు ల్యాబొరేటరీకి వచ్చింది. తరతరాలుగా బొబ్బర్లు ఏరి దాచిన చేతుల పేరు ఏ కాగితంలో ఉంది?

అయితే ఒక్క ప్రొటీనే దిక్కనుకోవద్దు. శనగపచ్చ పురుగు తన రసాలను మార్చుకొని తట్టుకోగలదు. 2002లో వచ్చిన బీటీ పత్తిలోది మొక్క ప్రొటీను కాదు, మట్టిలోని బాక్టీరియాది. గులాబి రంగు పురుగు దానికీ అలవాటు పడింది. మళ్ళీ మందు డబ్బా మా వీపుకే వచ్చింది. ఖమ్మం జిల్లా పునుకుల రైతులు వేప కషాయంతో, ఎర పంటలతో 2004 నాటికి పురుగుమందులే మానేశారు. నాటు గింజ, కలిపి వేసిన పంట, కషాయం, మూడూ కలిస్తేనే బలం.

భూమి లేనోళ్ళకు విత్తనం గొడవెందుకని కొందరంటారు. గింజ ఏరేది, చెరిగేది, బూడిద కలిపి కుండలో దాచేది మా ఆడోళ్ళే. భూమీ కావాలి, విత్తనమూ కావాలి. 2001 చట్టం ప్రకారం విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడం రైతు హక్కు. నాటు రకాన్ని రైతుల పేరనే రిజిస్టరు చేయించొచ్చు.

సంఘాల్లోని అన్నలారా, అక్కలారా! మీ వాడలో ముసలమ్మల్ని అడగండి. ఏ కంది, ఏ బొబ్బర పుచ్చదో రాసి పెట్టండి. పరిశోధనా కేంద్రాలు వాటిని పరీక్షించాలి, దాచినోళ్ళ పేరు మీదనే పరీక్షించాలి. మా గింజ తీసుకొని మాకే అమ్మితే ఊరుకోం.