తోలు లేని డప్పు, కులం పోని సమాజం

శబ్దానికి కులం ఉండదని మనం తరచుగా చెప్పుకుంటాం. అయితే శబ్దాన్ని పుట్టించే వాద్యానికి, ఆ వాద్యాన్ని తయారుచేసే చేతికి, దాన్ని వాయించే మనిషికి ఈ దేశంలో కులం ఉంది. మృదంగం కచేరీ వేదికనెక్కింది, దాన్ని తయారుచేసినవాడు వేదిక కిందనే ఉండిపోయాడు. డప్పు ఊరందరి చావుకూ, జాతరకూ మోగింది, మోగించినవాడు మాత్రం ఊరి బయటనే ఉన్నాడు. ఇప్పుడు తోలూ చట్రమూ లేకుండా, వాయించే మనిషీ లేకుండా, డప్పు మోతను కేవలం గణితంతో కంప్యూటర్లో పుట్టించే విద్య ఎదిగివచ్చింది. దానిని ఫిజికల్ మోడలింగ్ అంటారు. ఇది సంగీత సాంకేతికుల సొంత వ్యవహారమని దళిత బహుజన విద్యార్థులు, ఉద్యమకారులు పక్కన పెట్టరాదని నా అభిప్రాయం. ఎవరి పనిని ఈ సమాజం జ్ఞానంగా గుర్తిస్తుంది, ఎవరి పనిని మైలగా చూస్తుంది అన్న పాత ప్రశ్నే ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతున్నది.

ముందుగా ఈ విద్య ఏమిటో చూద్దాం. కంప్యూటర్ సంగీతంలో విరివిగా వాడే శాంప్లింగ్ పద్ధతిలో ఒక వాద్యకారుడు వేసిన దెబ్బను రికార్డు చేసి, కావలసినప్పుడు మళ్లీ వినిపిస్తారు. ఫిజికల్ మోడలింగ్ ఎవరి దెబ్బనూ రికార్డు చేయదు. అది వాద్యాన్నే సమీకరణాలుగా రాస్తుంది. పొర ఎంత బిగువుగా ఉంది, ఎంత మందంగా ఉంది, కంపనం ఎంత త్వరగా అణగిపోతుంది, పుల్ల ఎక్కడ ఎంత వేగంతో తాకింది అన్న విలువలు ఇస్తే, పొర కదలికను సెకనుకు 44,100 సార్లు, అంతకన్నా ఎక్కువసార్లు కూడా లెక్కగట్టి శబ్దాన్ని నిర్మిస్తుంది. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అనే ఇద్దరు తీగ వాద్యాల నాదాన్నీ, డ్రమ్ము నాదాన్నీ చాలా తక్కువ గణనతో పుట్టించే పద్ధతిని ప్రకటించారు. 1993లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాన్ డ్యూన్, జూలియస్ స్మిత్ పొర మీద అలల ప్రయాణాన్ని వలలాంటి అల్లికగా లెక్కించే మార్గం చూపారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫాన్ బిల్బావ్ 2009లో వెలువరించిన గ్రంథం ఈ రంగంలో ప్రామాణికమైంది. గట్టిగా కొట్టినప్పుడు పొర బిగువు క్షణకాలం పెరిగి, స్థాయి పైకి లేచి కిందికి జారడాన్ని సైతం ఇవాళ లెక్కించగలుగుతున్నారు.

ఈ గణితానికి మన దేశంలో ఒక పూర్వకథ ఉంది. అంతటా ఒకే మందం, ఒకే బిగువు ఉన్న గుండ్రని పొరను కొడితే, మూల పౌనఃపున్యానికి 1.59, 2.14, 2.30 రెట్లలో అతిస్వరాలు పలుకుతాయి. అవి పూర్ణసంఖ్యలు కావు కనుక అందులో నిలకడైన శ్రుతి చెవికి అందదు. మృదంగం ఇందుకు భిన్నం. దాని కుడి మూత నడుమ పొరలు పొరలుగా పెట్టే నల్లని కరణి వల్ల అతిస్వరాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్లకు దగ్గరగా సర్దుకుంటాయి. సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలోనూ, 1934లో మరింత వివరంగానూ దీనిని నిరూపించారు. అది గొప్ప శాస్త్రకృషి. అయితే రామన్ కొలిచినది ప్రకృతిలో తనంత తాను దొరికిన వస్తువును కాదు. రాతిపొడిని అన్నంతో కలిపి నూరి, పూసి, రుద్ది, ఆరబెట్టి, మళ్లీ పూసి, ప్రతి పూతకూ నాదం విని సరిచూసిన చేతులు దానిని అంతకుముందే సాధించి ఉన్నాయి. భౌతికశాస్త్రం వివరించిన ఫలితాన్ని చెవితో, వేళ్లతో రాబట్టినవారి పేర్లు మన పాఠాలలోకి రాలేదు.

డప్పు విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. డప్పుకు కరణి లేదు, వెనుక మూత లేదు. దాని నాదమంతా తోలు ఎంపిక మీద, సాగదీసిన తీరు మీద, కాచిన వేడి మీద ఆధారపడి ఉంటుంది. నమూనా రాసే ఇంజినీరు అడిగే ప్రతి విలువకూ మాదిగవాడలో ఒక పని ఉంది. సాంద్రత అని అతను రాసేది, ఏ పశువు తోలు, ఏ భాగం, ఎంత పలుచన అని వేళ్లతో తడిమి తేల్చుకునే నిర్ణయం. బిగువు అని రాసేది, తడి తోలును చట్రానికి అన్ని వైపులా సమంగా లాగి ఎండబెట్టడంలోని నేర్పు. కాలంతో మారే బిగువు అని రాసేది, వాయించే ముందు మంట దగ్గర కాచి, తోలులోని తేమను పోగొట్టి, గాలిలోని చెమ్మకు అది సడలగానే మళ్లీ కాచుకునే అనుభవం. తాకిడి బలం అని రాసేది, కుడిచేతి చిర్రకూ ఎడమచేతి సిటికెన పుల్లకూ మధ్య ఉన్న తేడా. ఇంజినీరు ఈ విలువలను తానుగా కల్పించలేడు. డప్పు దగ్గరికి, డప్పు చేసినవారి దగ్గరికి వచ్చి కొలుచుకోవలసిందే. మైల పని అని తరతరాలుగా పక్కన పెట్టినదంతా జ్ఞానమేనని చెప్పడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కరలేదు. మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలుగా చూడాలని కంచ ఐలయ్య వాదించినప్పుడు దానిని అతిశయోక్తిగా కొట్టిపారేసినవారు ఈ సమీకరణాలను ఒకసారి చదవాలి.

జ్ఞానంగా గుర్తించడానికి సమాజం ఎంతగా జంకుతుందో 2020లో చూశాం. మృదంగం తయారుచేసే కుటుంబాల చరిత్రను, వారిలో అధికులైన దళిత క్రైస్తవుల శ్రమను, ఆ వాద్యానికి వాడే ఆవు తోలు ప్రస్తావనను టి.ఎం. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే గ్రంథంగా వెలువరించారు. ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని చెన్నైలోని కళాక్షేత్ర ఉపసంహరించుకుంది. సభ మరోచోట జరిగింది. నాదం కావాలి, తోలు మాట మాత్రం వద్దు అన్న ధోరణి అది. తోలే అవసరం లేని డప్పు ఈ ధోరణికి ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. అంటరానితనాన్ని తొలగించకుండా, అంటరానివాడిని మాత్రమే తొలగించి అతని నాదాన్ని ఉంచుకునే సౌకర్యం అది కల్పిస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. డప్పు మన జాతికి వెట్టిగా అంటగట్టిన పని కదా, చావు డప్పు నుంచి యంత్రం విముక్తి చేస్తే మంచిదే కదా అని చదువుకున్న యువకులు అడుగుతున్నారు. ఈ ప్రశ్నను నేను గౌరవిస్తాను. చచ్చిన పశువులను మోయడం మానితే రాబడి పోతుందని వాదించినవారికి, ఆ రాబడి మీరే తీసుకోండని అంబేడ్కర్ 1956 నాటి నాగపూర్ ప్రసంగంలో దీటైన జవాబు ఇచ్చారు. ఏ బిడ్డా కులం కారణంగా డప్పు కొట్టవలసిన అవసరం ఉండకూడదు. అయితే పనిని వదులుకోవడం వేరు, ఆ పనిలో కూడబెట్టిన జ్ఞానాన్ని వదులుకోవడం వేరు. వెట్టిని వదిలిన చేతులే డప్పును ధిక్కార వాద్యంగా మార్చాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన ఉద్యమం తన పేరులోనే దండోరాను నిలుపుకుంది. అవమానానికి గుర్తుగా ఉన్న దానిని ఆత్మగౌరవానికి గుర్తుగా మార్చుకున్న చరిత్ర మనది. ఆ వాద్యపు లెక్కలు ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించే హక్కు కూడా ఆ చరిత్రలో భాగమే.

అసలు ప్రమాదం చట్టంలోని ఖాళీలో ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. 2012 సవరణ దానిని మరింత విస్తరించి రాయల్టీకి, పేరు ప్రస్తావనకు దారి చేసింది. డప్పు కళాకారుడి ప్రదర్శనను రికార్డు చేస్తే, కనీసం కాగితం మీదనైనా అతనికి ఒక హక్కు ఉంది. ఫిజికల్ మోడలింగ్‌లో ప్రదర్శన లేదు, కనుక ప్రదర్శకుడూ లేడు. అతని డప్పును కొలిచి తీసుకున్న విలువలు కేవలం సంఖ్యలు. ఆ సంఖ్యలతో రాసిన ప్రోగ్రామ్ మాత్రం రాసినవారి సొత్తు. వందల ఏళ్ల సామూహిక నేర్పు ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సులోకి మారుతుంది, అందులో నేర్పరి పేరు ఎక్కడా ఉండదు.

శబ్దం వింటే వాద్యం ఎవరిదో తెలియదా అని అడగవచ్చు. గణితం ఇందుకు ఒక ఆసక్తికరమైన సమాధానం ఇచ్చింది. డ్రమ్ము మోత విని దాని ఆకారాన్ని చెప్పగలమా అని మార్క్ కాట్జ్ 1966లో ప్రశ్నించాడు. అన్ని సందర్భాల్లోనూ చెప్పలేమని 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ తేల్చారు. రెండు వేర్వేరు ఆకారాలు సరిగ్గా ఒకే పౌనఃపున్యాలు పలకవచ్చు. నాదం నుంచి వాద్యపు ఆకారమే ఖాయంగా తెలియనప్పుడు, దాన్ని చేసిన మనిషి ఎలా తెలుస్తాడు? అందుకే పేరును రాసి ఉంచవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను అందుతున్నది. ముసలితనంలో అది ఆసరా, కాదనను. కానీ పింఛను జాలితో ఇచ్చేది, జ్ఞానానికి చెల్లించేది కాదు. మన విశ్వవిద్యాలయాలలో, సాంకేతిక సంస్థలలో డప్పును గానీ మృదంగాన్ని గానీ కొలిచే పరిశోధన ఏది జరిగినా, వాద్యం చేసినవారినీ వాయించినవారినీ సలహాదారులుగా నియమించి వేతనం ఇవ్వాలి, పరిశోధనా పత్రంలో వారి పేర్లు రచయితల సరసన చేర్చాలి. వాణిజ్య సాఫ్ట్‌వేర్ తయారైతే ఆ సమూహానికి వాటా ఒప్పందంలోనే రాయాలి. పాఠశాల భౌతికశాస్త్రంలో పొరల కంపనం చెప్పేచోట డప్పును ఉదాహరణగా చేర్చాలి.

విద్యార్థులకు మరొక మాట. ఈ విద్యకు ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. ఫౌస్ట్, ప్యూర్ డేటా వంటి ఉచిత సాధనాలు మామూలు కంప్యూటర్ మీద పనిచేస్తాయి. తాత డప్పును కాచిన తీరు చూసిన మనవరాలు ఆ బిగువు మార్పును సమీకరణంగా రాస్తే, ఆ నమూనా బయటివాడు రాసినదానికన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే ఏమి కొలవాలో ఆమెకు ముందే తెలుసు. రాజ్యాంగం తెరిచిన విశ్వవిద్యాలయాల తలుపుల గుండా మనం లోపలికి వెళ్లింది ఉద్యోగాల కోసం మాత్రమే కాదు. మన పెద్దల పనికి శాస్త్రమనే పేరు రాసే అధికారం కోసం కూడా. డప్పు మోతను లెక్కగట్టే పని ఎలాగూ జరుగుతుంది. ఆ లెక్క రాసేవారిలో డప్పు చేసినవారి పిల్లలు ఉండాలన్నదే ఇవాళ మన డిమాండు కావాలి.